తప్పు ఎవరిది? యాక్సిడెంట్ తర్వాత మూడు చోట్ల మూడు జవాబులు

2025 జులైలో సుప్రీంకోర్టు ఒక ప్రమాద కేసు కొట్టేసింది. ఆ వార్త వాట్సాప్‌కి ఎక్కేసరికి 'స్పీడుగా నడిపి చనిపోతే ఇన్సూరెన్స్ రాదు' అయింది. నాలుగు గ్రూపులు దాటేసరికి 'ఎల్‌ఐసీ డబ్బులు కూడా ఇవ్వరట' అయి కూర్చుంది.

కోర్టు అన్నది అది కాదు. కర్ణాటకలో 2014లో ఒకాయన కారు వేగంగా, నిర్లక్ష్యంగా నడపడంతో బండి అదుపు తప్పి పల్టీ కొట్టింది, ఆయనే చనిపోయారు. ఎదురుగా వచ్చి గుద్దిన బండి ఏదీ లేదు. కుటుంబం 80 లక్షల పరిహారం అడిగింది. ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు మూడూ కాదన్నాయి. ప్రమాదానికి కారకుడైన మనిషి తన తప్పుకు తానే బాధితుడినంటూ, థర్డ్ పార్టీ (బండి వల్ల నష్టపోయిన బయటి మనిషి) పరిహారం కింద డబ్బు అడగలేడన్నది దాని సారాంశం. అదే కారులో పక్కన కూర్చున్నవాళ్లు చనిపోయి ఉంటే కథ వేరు. ఆయన కట్టుకున్న జీవిత బీమా అయితే పూర్తిగా వేరు. దానికీ ఈ తీర్పుకూ సంబంధమే లేదు.

ఈ గందరగోళమంతా 'తప్పు' అనే ఒక్క మాట వల్ల వస్తోంది. రోడ్డు మీద జనం పోగై 'తప్పు నీదంటే నీది' అని అరుచుకునేటప్పుడు అది ఒకటే ప్రశ్నలా కనిపిస్తుంది. తర్వాత పోలీసు స్టేషన్‌లో ఒకలా, ట్రిబ్యునల్‌లో ఇంకోలా, ఇన్సూరెన్స్ ఆఫీసులో మరోలా అడుగుతారు. ఒకచోట వచ్చిన జవాబు ఇంకోచోట చెల్లకపోవచ్చు.

## ఆగి ఉన్న లారీ, వెనక నుంచి కారు

ఒక ఊహా ప్రమాదం తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. హైదరాబాద్–విజయవాడ హైవే మీద, సూర్యాపేట దాటాక, రాత్రి ఒంటిగంటన్నర. పాడైపోయిన లారీ రోడ్డు మీదే ఆగి ఉంది. వెనక లైట్లు లేవు, రిఫ్లెక్టర్ త్రికోణం లేదు. నాలుగు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ పెట్టారు, అంతే. శ్రీను అనే వ్యక్తి సొంత కారులో వంద మీద వస్తూ దాన్ని వెనక నుంచి గుద్దాడు. పక్క సీట్లో ఉన్న స్నేహితుడు రాజు అక్కడికక్కడే చనిపోయాడు. శ్రీనుకి మోకాలు నుజ్జయింది.

మర్నాడు జిల్లా పేజీలో హెడ్డింగు 'ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు' అని వస్తుంది. ఆ వాక్యంలో కర్త కారే. చదివినవాళ్లు సగం తీర్పు అప్పుడే ఇచ్చేస్తారు.

పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాస్తారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి పాత 304ఏ ఇప్పుడు 106(1) అయింది. నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైతే అయిదేళ్ల వరకు జైలు. ఎవరి మీద రాస్తారన్నది ఫిర్యాదు ఎవరిచ్చారు, ఏమని ఇచ్చారు అన్న దాన్ని బట్టి మొదలవుతుంది. పంచనామా, స్కెచ్, సాక్షుల మాటలు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు ఆ తర్వాత చేరతాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు గురించి ఒక అపోహ ఉంది, అది తప్పు ఎవరిదో తేలుస్తుందని. అది ప్రధానంగా బండిలో యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరిగిందా లేదా అన్నంతవరకే మాట్లాడుతుంది.

క్రిమినల్ కోర్టులో నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. సాక్షులు మాట మారుస్తారు, కేసు ఏళ్లకేళ్లు నడుస్తుంది, డ్రైవరు నిర్దోషిగా బయటపడతాడు. 'కేసు కొట్టేశారు, ఇంకేం డబ్బులొస్తాయి' అని కుటుంబం చల్లబడిపోవడం చూస్తుంటాం. అక్కర్లేదు. పరిహారం తేల్చేది మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్. అక్కడ చూసేది రెండు కథల్లో ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువ అన్నదే. క్రిమినల్ కేసు వీగిపోయినంత మాత్రాన పరిహారం ఆగనక్కర్లేదని సుప్రీంకోర్టు 1980లోనే, జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ఒక బస్సు ప్రమాదం తీర్పులో చెప్పింది. తర్వాత చాలాసార్లు అదే మాట అంది. దీనికి రెండో వైపూ ఉంది: ఛార్జిషీటు వేశారు కదా అని ట్రిబ్యునల్ కళ్లు మూసుకుని నమ్మాల్సిన పనీ లేదు.

ఇక మూడో చోటు, శ్రీను సొంత ఇన్సూరెన్స్ కంపెనీ. కారు రిపేరు డబ్బుల దగ్గర కంపెనీ 'తప్పు నీదా, లారీవాడిదా' అని అడగనే అడగదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

## తప్పుని శాతాల్లో కొలవడం

'పెద్ద బండిదే తప్పు' అన్నది మన రోడ్ల మీద అలిఖిత శాసనం. చట్టంలో అలాంటిదేం లేదు. పెద్ద బండి నడిపేవాడికి జాగ్రత్త ఎక్కువ ఉండాలని కోర్టులు అంటాయి, కానీ అది లెక్క మొదలయ్యే చోటే. ట్రిబ్యునల్ తప్పుని పంచుతుంది.

దీన్ని చక్కగా చూపించే కేసు కోయంబత్తూరుది. 2017 జనవరిలో హైవే మీద ఒక కారు హఠాత్తుగా ఆగింది. గర్భిణి అయిన భార్యకి వాంతి వస్తోందని ఆపానన్నాడు నడిపే ఆయన. వెనక బైక్ మీద వస్తున్న ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి ఆ కారుని తాకి పడిపోయాడు. అతని వెనక వస్తున్న బస్సు కాలి మీదుగా వెళ్లింది. కాలు తీసేయాల్సి వచ్చింది.

ట్రిబ్యునల్ కారుని పూర్తిగా వదిలేసి, తప్పు బైక్‌ది 20 శాతం, బస్సుది 80 శాతం అంది. హైకోర్టు కారుది 40, బస్సుది 30, బైక్‌ది 30 అంది. 2025 జులైలో సుప్రీంకోర్టు కారుది 50, బస్సుది 30, బైక్‌ది 20 అని తేల్చింది. సిగ్నల్ ఇవ్వకుండా హైవే మీద ఉన్నట్టుండి ఆపడమే అసలు మూలం అని దాని అభిప్రాయం. కుర్రాడు ముందు బండికి తగినంత దూరం ఉంచలేదు, లైసెన్సూ లేదు, అందుకు 20 శాతం. మొత్తం పరిహారం 1.14 కోట్లుగా లెక్కేసి, అందులో 20 శాతం కోసేసి, సుమారు 91.39 లక్షలు ఇమ్మంది. అదే రోడ్డు, అదే క్షణం, అవే సాక్ష్యాలు, మూడు కోర్టుల్లో మూడు పంపకాలు. శాతాలు తేల్చడానికి త్రాసు ఏదీ లేదు, న్యాయమూర్తి అంచనాయే. ఈ విషయం ముందే తెలిసి ఉంటే 'అన్యాయం జరిగిపోయింది' అన్న టెన్షన్ కొంత తగ్గుతుంది.

బాధితుడి సొంత తప్పు కూడా కలిస్తే, అతని వాటా మేరకు పరిహారం తగ్గిస్తారు. బాధితుడి తప్పు ఏమీ లేకుండా ఇద్దరు ముగ్గురు ఇతరుల తప్పులు కలిసి ప్రమాదం జరిగితే అది వేరే సంగతి. అప్పుడు బాధితుడు మొత్తం డబ్బుని వాళ్లలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాటాల గొడవ వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి.

సూర్యాపేట కథకి వద్దాం. ట్రిబ్యునల్ లారీ తప్పు 70, శ్రీను తప్పు 30 అందనుకోండి. శ్రీను తన గాయాలకి అడిగే డబ్బులో 30 శాతం పోతుంది. చనిపోయిన రాజు కుటుంబానికి వచ్చే పరిహారంలో పైసా తగ్గదు. స్టీరింగు అతని చేతిలో లేదు. డ్రైవరు తప్పుని ప్రయాణికుల నెత్తిన రుద్దకూడదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అచ్చం ఇలాంటి కేసులోనే చెప్పింది. అక్కడా రాత్రిపూట, హైవే మధ్యలో వదిలేసిన లారీ, దాన్ని గుద్దిన కారు. అక్కడైతే కారు నడిపినవాడి తప్పు సగం ఉందన్న కింది కోర్టుల మాటనే కొట్టేసింది. కాబట్టి మన ఉదాహరణలో 30 శాతం కూడా ఖాయమేం కాదు.

రూల్ తప్పడం, ప్రమాదానికి కారణం కావడం ఒకటి కావు. బైక్ మీద ముగ్గురు వెళ్లడం తప్పే, చలానా పడుతుంది. కానీ ముగ్గురున్నందువల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదైందనో చూపించకపోతే దాన్ని పట్టుకుని పరిహారం కోయడం కుదరదని 2020లో తీర్పు ఉంది. ఇన్సూరెన్స్ లాయర్లు మాత్రం ఈ వాదన వదలరు. వాళ్ల వైపు నుంచి చూస్తే, రూల్ తప్పినవాళ్లకీ తప్పనివాళ్లకీ ఒకే మొత్తం ఇస్తే రూల్‌కి విలువేముంది అన్నది ప్రశ్న. జవాబు చలానాల్లో ఉండాలి గానీ పరిహారంలో కాదని కోర్టుల ధోరణి.

## థర్డ్ పార్టీ అంటే ఎవరు

పాలసీ కొన్న బండి ఓనరు మొదటి పార్టీ, ఇన్సూరెన్స్ కంపెనీ రెండోది, ఆ బండి వల్ల నష్టపోయిన బయటి మనిషి మూడోది. చట్టం తప్పనిసరి చేసింది ఈ మూడో మనిషి కోసం కట్టే పాలసీనే. అందుకే ఓనరుకి ఇష్టం ఉన్నా లేకున్నా కట్టాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి ఒకేసారి మూడేళ్లకి, కొత్త బైక్‌కి అయిదేళ్లకి కట్టించుకుంటున్నారు. ప్రాణ నష్టానికి, గాయాలకి ఇందులో పై పరిమితి లేదు. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి మాత్రం మామూలుగా 7.5 లక్షల వరకే.

ఇంతవరకు తేలికే. చిక్కు కారు లోపల కూర్చున్నవాళ్ల దగ్గర మొదలవుతుంది. ఖమ్మం నుంచి తిరుపతికి స్నేహితులంతా ఒకరి కారులో బయల్దేరారు. వాళ్లు బయటివాళ్లా, లోపలివాళ్లా? ఓనరు దగ్గర ఉన్న పాలసీని బట్టి ఉంటుంది. చట్టం అడిగిన కనీస థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, ప్రైవేటు కారులో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకి అది వర్తించదని కోర్టులు చెబుతూ వచ్చాయి. బైక్ వెనక కూర్చున్నవాళ్లకీ అంతే. జనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అనే ప్యాకేజీ పాలసీ ఉంటే వాళ్లకీ వర్తిస్తుంది. ఈ తేడాని 2012లో సుప్రీంకోర్టు గట్టిగా నొక్కి చెప్పింది. పాత కారే కదా అని థర్డ్ పార్టీతో సరిపెట్టుకుని, పండక్కి బంధువులందర్నీ ఎక్కించుకుని తిరిగేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

శ్రీనుది కనీస పాలసీయే అనుకుందాం. అప్పుడు రాజు కుటుంబానికి శ్రీను కంపెనీ కట్టదు. అయితే లారీకి ఇన్సూరెన్స్ ఉంటే మొత్తం అక్కడి నుంచే రాబట్టుకునే దారి ఉంది. లారీకీ లేకపోతే, లారీ ఓనరు, శ్రీను సొంత ఆస్తుల మీద పడాలి. చనిపోయిన స్నేహితుడి భార్య తన ఇంటిని అటాచ్ చేయించే పరిస్థితి శ్రీనుకి రావచ్చు.

నడిపే ఓనరు సంగతి? అతను తన పాలసీలో థర్డ్ పార్టీ కాడు. అందుకే ఓనరు-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా అని విడిగా 15 లక్షలది పెట్టారు. తప్పు తనదైనా చనిపోతే ఆ డబ్బు కుటుంబానికి వస్తుంది, లైసెన్సు ఉండి, తాగి లేకపోతే. వేరేవాళ్ల బండి అడిగి తీసుకుని నడిపినవాడు ఓనరు స్థానంలోకి వచ్చినట్టేనని కోర్టులు అన్నాయి. కాబట్టి తన తప్పుతో తానే ప్రమాదానికి గురైతే ఆ బండి థర్డ్ పార్టీ పాలసీ మీద అడగలేడు. అయితే తప్పుతో పని లేకుండా పరిహారమిచ్చే సెక్షన్ కింద సొంత బండి ఇన్సూరెన్స్ కంపెనీని అడగవచ్చా అన్న దాని మీద భిన్నమైన అభిప్రాయాలు రావడంతో, 2025 ఆగస్టులో ఆ ప్రశ్నని సుప్రీంకోర్టు పెద్ద ధర్మాసనానికి పంపింది. నాలుగు గ్రూపులు తిరిగిన ఆ ఫార్వర్డ్‌లో ఈ ముక్క లేదు.

ఇంకో గొయ్యి పాత బండ్ల దగ్గర ఉంది. కారు అమ్మేసి, డబ్బు తీసుకుని, సీ-బుక్కులో పేరు మార్పించకుండా వదిలేస్తారు. కొన్నవాడు ఇంకొకడికి అమ్ముతాడు. రికార్డులో పేరున్నవాడే ఓనరు, పరిహారానికి బాధ్యుడు అతనే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మూడేళ్ల కిందట అమ్మేసిన బండి కోసం కోర్టు నోటీసు అందుకోవడం దీని ఫలితమే.

## ప్రాణానికి లెక్క

మనిషికి వెల కట్టడం ఎబ్బెట్టుగా ఉంటుంది, కానీ ట్రిబ్యునల్ చేసేది అదే. 2009లో ఒకటి, 2017లో అయిదుగురు న్యాయమూర్తులు ఇచ్చినది ఇంకొకటి, ఈ రెండు సుప్రీంకోర్టు తీర్పులతో ఈ లెక్కకి ఒక పద్ధతి వచ్చింది.

రాజుకి 34 ఏళ్లు. ఎలక్ట్రికల్ పనులు చేసుకుంటూ నెలకి 20,000 సంపాదిస్తున్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు. ఏడాదికి 2,40,000. నలభై లోపు వయసులో సొంత పని చేసుకునేవాడు కాబట్టి, ముందు ముందు సంపాదన పెరిగేదని 40 శాతం కలుపుతారు, 3,36,000 అవుతుంది. పర్మనెంటు ఉద్యోగి అయితే 50 శాతం కలిపేవారు. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 2,52,000 మిగులుతుంది. దీన్ని వయసుని బట్టి ఉన్న గుణకంతో హెచ్చిస్తారు. 31 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లకి అది 16. వచ్చింది 40,32,000.

దానికి అంత్యక్రియల ఖర్చు, వారసులకి మిగలాల్సిన ఆస్తి నష్టం, మనిషి తోడు కోల్పోయినందుకు సాహచర్య నష్టం అనే మూడు పద్దులు కలుస్తాయి. 2017లో అవి 15,000, 15,000, 40,000. మూడేళ్లకోసారి 10 శాతం పెంచమని అప్పుడే చెప్పారు. రెండు పెంపుల తర్వాత 18,150, 18,150, 48,400. ఆఖరుది భార్యకే కాదు, పిల్లలకీ తల్లికీ కూడా లెక్కేస్తే నలుగురికి 1,93,600. అన్నీ కలిపి 42,61,900. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ దీనికి అదనం.

ఈ లెక్కలో అన్నిటికంటే బలహీనమైన అంకె మొదటిదే, నెలకి 20,000. రాజు ఆదాయానికి కాగితం ఏముంది? రిటర్నులు వేయలేదు, డబ్బంతా చేతికే. రుజువు లేకపోతే ట్రిబ్యునల్ కనీస వేతనాల చుట్టూ ఒక అంచనా వేస్తుంది. అది 12,000 అయితే పై 40 లక్షలు 24 లక్షల దగ్గరికి పడిపోతాయి. వ్యాపారులది ఇంకో రకం బాధ. పన్ను తగ్గించుకోవడానికి రిటర్నులో 3 లక్షలే చూపిస్తారు. మనిషి పోయాక 'ఏడాదికి పది లక్షలు తెచ్చేవాడండీ' అని కుటుంబం చెబితే, ఎదుటి లాయరు ఆ రిటర్నే తీసి బల్ల మీద పెడతాడు.

గృహిణి చనిపోతే? జీతం లేదు కాబట్టి నష్టం లేదన్న వాదన ఒకప్పుడు నడిచింది. ఇంటి పనికీ విలువ ఉందని, ఆమెకీ ఊహా ఆదాయం కట్టి, దానికి భవిష్యత్ పెంపు కూడా కలపాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత కట్టాలన్నది మాత్రం ట్రిబ్యునల్ నుంచి ట్రిబ్యునల్‌కి మారుతూనే ఉంది.

బతికి బయటపడ్డవాళ్ల లెక్కలో అసలు ప్రశ్న వైకల్యం. డాక్టరు సర్టిఫికెట్‌లో 40 శాతం అని ఉంటే సంపాదన 40 శాతం పోయినట్టు కాదు. అదే మోకాలు దెబ్బ లారీ డ్రైవరుకి తగిలితే బతుకుదెరువే పోతుంది. కౌంటర్ దగ్గర కూర్చుని వ్యాపారం చేసేవాడికి అంత పోదు. సుప్రీంకోర్టు 2010లో చెప్పిన ఈ తేడాని ట్రిబ్యునళ్లు పాటిస్తాయి. శ్రీనుకి 42 ఏళ్లు, మొబైల్ షాపు, నెలకి 30,000. సర్టిఫికెట్ 40 శాతం అంటున్నా, సంపాదన శక్తి 20 శాతమే తగ్గిందని ట్రిబ్యునల్ అందనుకుందాం. ఏడాదికి 3,60,000, దానికి 25 శాతం పెంపు కలిపి 4,50,000. అందులో 20 శాతం 90,000, గుణకం 14తో 12,60,000. ఆస్పత్రి బిల్లులు 4 లక్షలు, బాధకి ఒక లక్ష కలిపితే 17,60,000. తన తప్పు వాటా 30 శాతం పోగా చేతికొచ్చేది 12,32,000.

## డ్రైవరు తాగి ఉంటే, లైసెన్సు లేకపోతే

లారీ డ్రైవరుకి లైసెన్సే లేదని తేలింది. ఓనరు షరతు తప్పాడు కాబట్టి కంపెనీ చేతులు దులుపుకోవచ్చా? ఇక్కడ కోర్టులు నడిపించిన పద్ధతి 'ముందు కట్టు, తర్వాత రాబట్టుకో'. కంపెనీ ముందు బాధితుడికి డబ్బు ఇచ్చేయాలి, ఆ తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు దీనికి పునాది.

కంపెనీల బాధ అబద్ధం కాదు. ఓనరు దగ్గర రాబట్టుకోవడం కాగితం మీద తేలిక, చేతల్లో కష్టం. ఆ నష్టం చివరికి అందరి ప్రీమియంలోకే వెళుతుంది. పైగా మోసాలూ ఉన్నాయి. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోతే, ఉన్న ఇంకో బండిని తెచ్చి కేసులో పెట్టడం పాత ఆట. ఉత్తర్‌ప్రదేశ్‌లో ఇలాంటి దొంగ క్లెయిముల మీద ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయాల్సి వచ్చింది. ఇటు బాధితుడి ప్రశ్నా న్యాయమైనదే. రోడ్డు దాటుతున్నవాడు ఎదుటి డ్రైవరు లైసెన్సు చూసి దాటడు కదా. చట్టం తప్పనిసరి చేసిన బీమా ఉన్నది ఆ మనిషి కోసం కాబట్టి, ఈ విషయంలో నా మొగ్గు కోర్టుల వైపే.

లైసెన్సు రకం గురించి ఉన్న పెద్ద వివాదం మాత్రం 2024 నవంబరులో తీరింది. కారు లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు బరువుండే రవాణా వాహనం నడపవచ్చని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ట్రాలీ ఆటోలు, చిన్న గూడ్సు బండ్లు నడిపేవాళ్ల క్లెయిములని ఈ ఒక్క సాకుతో తిరగ్గొట్టడం దాంతో ఆగాలి.

## కారు రిపేరు: ఇక్కడ తప్పు అడగరు, కోతలు అడుగుతారు

ఫుల్ ఇన్సూరెన్స్‌లో సొంత బండి నష్టం భాగం ఒకటి ఉంటుంది. మీరే నిద్రమత్తులో డివైడర్ ఎక్కించినా అది వర్తిస్తుంది. తాగి నడిపితే, లైసెన్సు లేకపోతే, సొంత బండిని క్యాబ్‌గా తిప్పితే మాత్రం తిరస్కరిస్తారు. ఇక్కడ 'ముందు కట్టు' సూత్రం లేదు, ఎందుకంటే అడిగేది మొదటి పార్టీ.

మూడున్నరేళ్ల కారు, 1,200 సీసీ, రిపేరు బిల్లు 1,20,000 అనుకోండి. అందులో ప్లాస్టిక్ భాగాలు 40,000, లోహ భాగాలు 50,000, అద్దం 10,000, కూలీ 20,000. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు మీద సగం తరుగు తీసేస్తారు, అంటే 20,000. మూడు నుంచి నాలుగేళ్ల బండికి లోహం మీద 25 శాతం, అంటే 12,500. అద్దానికి తరుగు లేదు. తప్పనిసరి కోత 1,000. కంపెనీ ఇచ్చేది 86,500, మిగతా 33,500 మీ జేబు. జీరో డెప్ అనే అదనపు కవర్ తీసుకుంటే ఆ తరుగు కోత ఉండదు. షోరూముల్లో 'బంపర్ టు బంపర్' అంటారు దాన్నే.

ఈసారి శ్రీనుది ఫుల్ ఇన్సూరెన్స్ అనుకుందాం. అతని కారు ముందు భాగమంతా పోయింది. పాలసీలో రాసిన బండి విలువ, ఐడీవీ అంటారు, 6 లక్షలు. రిపేరు దానిలో 75 శాతం దాటితే, అంటే 4.5 లక్షలు దాటితే, టోటల్ లాస్ కింద లెక్కేసి ఐడీవీ ప్రకారం ఇచ్చేస్తారు. ఏటా ప్రీమియం తగ్గుతుందని ఐడీవీని కిందికి దించుకున్నవాళ్లకి ఆ రోజు తెలుస్తుంది దాని అర్థం.

లారీది 70 శాతం తప్పైతే శ్రీను కారు డబ్బు లారీ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరే అడగవచ్చు కదా? అడగవచ్చు, ట్రిబ్యునల్ ద్వారా. దానికి పట్టే కాలం చూసి అందరూ సొంత పాలసీయే వాడుకుంటారు, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) వదులుకుని.

## గుద్దిన బండి దొరకకపోతే

హిట్ అండ్ రన్‌కి చట్టంలో వేరే నిధి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. దరఖాస్తు కోర్టుకి కాదు, రెవెన్యూ అధికారి దగ్గరికి వెళుతుంది, మంజూరు కలెక్టరు స్థాయిలో జరుగుతుంది. మొత్తం చిన్నదే. ఆస్పత్రి ఖర్చుకి 2025 మేలో కేంద్రం ఇంకో పథకం తెచ్చింది. ఏ బండి ప్రమాదమైనా, తప్పు ఎవరిదైనా, మొదటి ఏడు రోజుల్లో 1.5 లక్షల వరకు నగదు లేకుండా చికిత్స. తప్పు ప్రసక్తి లేని ఇంకో దారి మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్: మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. కొద్ది మొత్తం, కానీ నిర్లక్ష్యం రుజువు చేయనక్కర్లేదు. సాక్షులే లేని కేసుల్లో కొందరు దీన్ని ఎంచుకుంటారు.

## ఆరు నెలలు, రాజీ

క్లెయిము వేయడానికి గడువు ఎంత అన్న దాని మీద ఇప్పుడు అస్పష్టత ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో ఆరు నెలలు ఉండేది. 1994లో ఆ పరిమితి తీసేశారు. 2019 సవరణ దాన్ని మళ్లీ తెచ్చింది, అమలు 2022 ఏప్రిల్ నుంచి. దాన్ని సవాలు చేస్తూ వేసిన కేసుల్లో 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఆదేశం ఇచ్చింది. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని ట్రిబ్యునళ్లకి చెప్పింది. గడువు రద్దు కాలేదు, ఆగింది. తుది తీర్పు ఎటు వస్తుందో దాన్ని బట్టి ఆరు నెలలు దాటాక వేసినవాళ్ల పరిస్థితి ఉంటుంది. పిటిషన్ ప్రమాదం జరిగిన చోటే వేయాలనేం లేదు. సూర్యాపేటలో గుద్దుకున్నా, రాజు కుటుంబం వరంగల్‌లో ఉంటే అక్కడి ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు.

ఇక రాజీ. ఊళ్లలో పెద్దమనుషుల మధ్య జరిగేదీ, లోక్ అదాలత్‌లో జరిగేదీ ఒకటే అనుకుంటారు. మొదటిది చట్టం లెక్కలో లేనిది. మరణం ఉన్న క్రిమినల్ కేసుని రెండు పక్షాలూ కూర్చుని మాఫీ చేసుకునే వీలు లేదు. రెండోది కోర్టు డిక్రీతో సమానం. అందులో కంపెనీ ఒక మొత్తం చెబుతుంది, కుటుంబం ఒప్పుకుంటే అక్కడితో సరి, అప్పీలు లేదు. రాజు భార్యకి ట్రిబ్యునల్‌లో 42 లక్షలు రావచ్చు, రావడానికి ఏళ్లు పట్టవచ్చు, ఆ తర్వాత కంపెనీ హైకోర్టుకి వెళ్లవచ్చు. లోక్ అదాలత్‌లో 30 లక్షలు, ఈ నెలలోనే. పిల్లల ఫీజు కట్టాల్సిన మనిషికి ఆ 12 లక్షల తేడా ఒకలా కనిపిస్తుంది. 'ఇంకా రెండేళ్లు ఆగమ్మా' అనే ప్లీడరుకి, బంధువులకి ఇంకోలా కనిపిస్తుంది.